తువ్వాళ్ళు తడవని గంట

"ఎవరూ దిగని నీళ్ళకి కాపలా ఒకటి! శుక్రవారం మీటింగులో ఆ సంగతి తేల్చెయ్యి," అన్నాడు భర్త, కాఫీ కప్పు సింకులో కాకుండా సింకు పక్కన పెడుతూ. సింకుకీ కప్పుకీ మధ్య మిగిలే ఆ జానెడు దూరం పెళ్ళయిన నాటినుంచీ ఆమె వంతు. ఆ చెయ్యి ఇంకొంచెం చాపితే ఏం పోయిందని ఒకసారి అడిగింది కూడా. "ఇంత చిన్న విషయానికి గొడవేమిటి?" అన్నాడు. చిన్న విషయమైతే మీరే చెయ్యొచ్చుగా అన్న సమాధానం ఆమెకి మర్నాడు గిన్నెలు తోముతుంటే తట్టింది. ఆమె సమాధానాలన్నీ అంతే, బస్సు వెళ్ళిపోయాక స్టాపుకి చేరుకునే మనుషుల్లాంటివి.

"మా డైరెక్టరుగారికి మాటిచ్చేశాను," అన్నాడు మళ్ళీ, బూట్ల లేసు బిగించుకుంటూ. "మధ్యాహ్నం ఆ గంట మా ఆఫీసు వాళ్ళ ఈతకి ఇప్పిస్తానని. ఎలాగూ ఖాళీగా పడుంది కదా."

"నన్నడక్కుండా మాట ఎలా ఇచ్చారండీ?"

"అడగడానికేముంది? నువ్వు మేనేజరువి, నేను మేనేజరుకి మొగుణ్ణి." తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదే అనుకుంది గానీ పైకి అనలేదు.

"కూర అడుగంటుతోంది, చూసుకో" అని వినబడింది వెనకనుంచి.

తిరిగి చూసింది. కూర నిజంగానే అడుగంటుతోంది. వెనక ఎవరూ లేరు. అత్తగారు పోయి ఏడాది కావస్తోంది. పోయినవాళ్ళు పోయినట్టుండాలి కదా, ఆవిడ అలా ఉండదు. స్టవ్ దగ్గర, బట్టలు ఆరేసే తీగ దగ్గర, మంచం దులిపేటప్పుడు, ఏదో ఒక తప్పు దొరికిన క్షణాన ఆవిడ గొంతు వచ్చి నిలబడుతుంది. ఒక్కసారి అబద్ధం చెప్పినా బాగుండును, భ్రమ అని కొట్టిపారెయ్యొచ్చు. ఆవిడ చెప్పిందంటే ఉప్పు ఎక్కువయ్యే ఉంటుంది, పాలు పొంగే ఉంటాయి. అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. పోయిన అత్తతో కాపురం చేసే కోడల్ని ఏమంటారో ఎవరూ చెప్పలేదు.

ఆమె పనిచేసేది వినోద కేంద్రంలో. పేరు పెద్దది గనక అందరూ సెంటర్ అంటారు. కింద ఈత కొలను, మధ్యలో టేబుల్ టెన్నిసూ డాన్సు హాలూ, పైన చదరంగం, బిలియర్డ్స్ గదులు. ఆమెకంటే ముందున్న మగ మేనేజర్లకి ఒక అసిస్టెంటు ఉండేవాడు. ఆమె చేరగానే ఆ పోస్టు తీసేశారు. "ఇల్లు చక్కబెట్టుకునే మనిషికి ఇదో లెక్కా!" అన్నారు ప్రెసిడెంటుగారు మెచ్చుకోలుగా. ఆ మెచ్చుకోలు ఖరీదు రోజూ ఇద్దరి చాకిరీ. డాన్సు టీచరుకి మోకాలు పట్టేస్తే ఆ క్లాసుకి ఎవరు, బ్యాడ్మింటన్ కోచ్ తన బదులు బావమరిదిని పంపితే వాణ్ణి ఎలా వెనక్కి పంపాలి, సాయంత్రం కౌంటర్లో మనిషి లేకపోతే ఎవరిని బతిమాలాలి, అన్నీ ఆమె నెత్తినే. బతిమాలడానికి ఎవరూ దొరక్కపోతే ఆమే కూర్చుంటుంది.

ఇప్పుడు కమిటీ కొత్త మనిషిని ఇవ్వనంది. జనం రాని కార్యక్రమం ఏదో ఒకటి ఎత్తేసి, దానికున్న మనిషిని తగ్గించుకోమంది. ఏది ఎత్తెయ్యాలో శుక్రవారం ఆమే చెప్పాలి. చెప్పడానికి పెద్దగా ఆలోచించే పని కూడా లేదు. మధ్యాహ్నం ఆడవాళ్ళ ఈత గంట. ఎప్పుడో ఈ సెంటర్ కట్టిన రోజుల్లో ఎవరో పుణ్యాత్మురాలు పట్టుబట్టి పెట్టించిందట. ఆ గంటకి కార్డు అక్కర్లేదు, పక్క తలుపులోంచి రావచ్చు, మగవాళ్ళెవరూ ఆ ఛాయలకి పోకూడదు. ఆ గంట కోసమే ఒక ఆడ లైఫ్‌గార్డు ఉంది. అందరూ నీళ్ళక్క అంటారు. భుజాలు వెడల్పుగా, మాట పొదుపుగా ఉండే మనిషి. ఆ జీతం మీదే ఆవిడ ఇల్లు నడుస్తుంది.

కొలనుకి ఎంతమంది వచ్చారన్నది సెంటర్లో తువ్వాళ్ళని బట్టి లెక్క. తడిసిన తువ్వాలు బుట్టలో పడితే ఒక మనిషి వచ్చినట్టు. బిలియర్డ్స్ గదికి వేరే పద్ధతి, సభ్యుల పేర్లు తలుపు మీద రాసి ఉంటాయి గనక వాళ్ళంతా వచ్చినట్టే. ఈ పద్ధతులు ఎవరు పెట్టారో ఆమెకి తెలీదు. చేరిన రోజు అప్పగించారు, ఆమె అందుకుంది, అత్తవారింట వంటింటి పద్ధతులు అందుకున్నట్టే. ఆ లెక్కన పై గది ఎప్పుడూ నిండుగా ఉంటుంది. మధ్యాహ్నపు గంటకి మాత్రం బుట్ట పొడి పొడిగా, చాకలికి వెయ్యడానికి ఒక్క గుడ్డైనా లేకుండా ఉంటుంది.

విచిత్రమేమిటంటే, ఆ గంటని ఆమె ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. సరిగ్గా ఆ సమయానికి ఆమె ఇంటికి పరిగెత్తేది. మామగారు పక్షవాతంతో మంచాన ఉన్న రోజులవి. ఈ ఉద్యోగం వచ్చినప్పుడు అత్తగారు అడ్డుపడుతుందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఆవిడ మాత్రం, "చెయ్యనీరా, పక్కవీధే కదా," అని కొడుక్కి చెప్పి, ఆమెవైపు తిరిగి, "కానీ మధ్యాహ్నం ఇంటికి రావాలి. ఆయన్ని చూసుకోవాలి. ఆ పూట నావల్ల కాదు," అంది. ఎంత మంచి అత్తగారమ్మా అన్నారు చుట్టాలు. ఆమె చెమటలు కక్కుకుంటూ ఇల్లు చేరేసరికి అత్తగారు సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉండేది. "ఏమ్మా, ఇప్పుడా రావడం?" అని ఒక మాట విసిరి వెళ్ళిపోయేది. మందుల షాపు, చెప్పులు కుట్టించుకోవడం, స్నేహితురాలికి బాగాలేకపోవడం, ఏదో ఒకటి. ఈవిడ వీధులు తిరగడానికి నేను పని వదులుకుని రావాలా అని ఆమె లోపల్లోపల కుమిలిపోతూ మామగారికి చెంచాతో జావ పట్టేది, మూతి తుడిచేది, పక్క మార్చేది. ఆయన కళ్ళు గుమ్మం వైపే ఉండేవి. అత్తగారు తిరిగొచ్చాక మళ్ళీ పరుగు. ఆ పరుగుల్లో ఆమె భోజనం ఎప్పుడు చేసేదో ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడుక్కోలేదు.

మామగారు పోయారు. కొన్నాళ్ళకే అత్తగారూ పోయింది, ఒక రాత్రి నిద్రలో, ఎవరినీ లేపకుండా. మధ్యాహ్నపు పరుగు ఆగిపోవాలి. ఆగలేదు. ఆ వేళయ్యేసరికి ఆమె కాళ్ళు వాటంతటవే చెప్పుల్లో దూరేవి. ఖాళీ ఇంటి తాళం తీసి, ఖాళీ మంచం మీద దుప్పటి సరిచేసి, గుమ్మంలో ఎవరూ లేకపోయినా పక్కకి తప్పుకుని లోపలికెళ్ళి, కాసేపు కూర్చుని మళ్ళీ సెంటర్‌కి వచ్చేది. దీన్ని పిచ్చి అంటారని ఆమెకి తెలుసు. అందుకే ఎవరికీ చెప్పలేదు. భర్త మాత్రం, "ఇప్పుడు హాయిగా ఉంది కదూ నీకు, ఇంటిపని సగం తగ్గింది," అన్నాడు ఒకసారి, తన అమ్మానాన్నల గురించి.

ఆ వారం మీటింగు ఉంది గనక, మూసెయ్యబోయే దాన్ని ఒకసారి చూడటం ధర్మం గనక, ఆమె మంగళవారం మధ్యాహ్నం బలవంతాన కుర్చీకి అతుక్కుని కూర్చుంది. తర్వాత లేచి కిందికి బయల్దేరింది. మెట్ల దగ్గర నేల తుడిచే మనిషి ఎదురై చీపురు అడ్డం పెట్టింది.

"ఇప్పుడు అటు వెళ్ళకండమ్మా."

"ఏం?"

"మనుషులుండరు, నీళ్ళు వాటంతటవే ఊగుతుంటాయి. నడవలో తడి కాళ్ళ జాడలు పడతాయి. లోపలికే వెళ్తాయి గానీ బయటికి వచ్చే జాడలుండవు. నేను తుడుస్తాను కదా, నాకు తెలుసు."

ఆమె నవ్వి ముందుకి నడిచింది. నడవలో పాదాల జాడలు కనబడ్డాక నవ్వు ఆగిపోయింది. చిన్న పాదాలు, పెద్ద పాదాలు, వేళ్ళు విచ్చుకున్న పాదాలు, అన్నీ కొలను వైపునుంచి వచ్చి బట్టలు మార్చుకునే గది తలుపు కింద మాయమయ్యాయి. కొలను తలుపు తోసింది. నీళ్ళు ఊగుతున్నాయి. అప్పుడే ఎవరో దిగి వెళ్ళిన ఉయ్యాల ఊగినట్టు, మెల్లగా, ఈ గట్టునుంచి ఆ గట్టుకి. అందులో ఎవరూ లేరు. గట్టు మీద ఎత్తు కుర్చీలో నీళ్ళక్క ఒక్కతే కూర్చుని ఉంది.

"ఎవరైనా వచ్చారా అక్కా?"

"ఎవరూ లేరమ్మా," అంది నీళ్ళక్క, ఆమె కళ్ళలోకి చూస్తూనే.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె పప్పు గిన్నె కింద మంట తగ్గించడం మర్చిపోయింది. వెనకనుంచి ఏ గొంతూ హెచ్చరించలేదు. గొంతు వినబడితే భయం అనుకునేది ఇన్నాళ్ళూ. వినబడకపోయేసరికి ఇంకా భయమేసింది.

బుధవారం ఆమె అడుగుల చప్పుడు వినబడకుండా చెప్పులు ఆఫీసులోనే విడిచి, బయటినుంచి చుట్టూ తిరిగి, పక్క తలుపులోంచి లోపలికెళ్ళింది. నవ్వులు వినబడ్డాయి. నీళ్ళలో ఆడవాళ్ళున్నారు. పాత నైటీల్లో, కుదించుకుని కుట్టుకున్న గౌన్లలో, మగవాళ్ళు వాడి పారేసిన టీషర్టుల్లో. ఒకావిడ మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి ఊరికే కళ్ళు మూసుకుంది. ఒకావిడ వెల్లకిలా తేలుతూ పైకప్పుని చూస్తోంది. రోజూ సెంటర్ ఎదుట పాలప్యాకెట్లు అమ్మే ఆవిడ, ఎప్పుడూ మొహం చిట్లించుకుని ఉండే మనిషి, చిన్నపిల్లలా నీళ్ళు చిమ్ముతోంది. ఆమెని చూడగానే అందరూ బిగుసుకుపోయారు. ఒక్క క్షణంలో గట్టెక్కి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నీళ్ళు మళ్ళీ ఒంటరిగా ఊగాయి.

"ఇదేమిటక్కా?" అంది ఆమె. "ఇంతమంది వస్తుంటే ఎవరూ లేరంటావా? నీ ఉద్యోగం పోతుందని తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

"మరి వీళ్ళొక తువ్వాలైనా తీసుకోరేం?"

నీళ్ళక్క కుర్చీ దిగి వచ్చింది. "తువ్వాలు కావాలంటే కార్డు చూపించాలి కదమ్మా. కార్డు ఇంటిపెద్ద పేరు మీద ఉంటుంది. కౌంటర్లో గీకగానే ఆయన ఫోనుకి మెసేజీ పోతుంది, మీ కార్డు మీద తువ్వాలు తీసుకున్నారని. అదివరకు నెలాఖరుకి చీటీ పోయేది ఇంటికి. అంతకంటే చాటింపు వేయించుకోవడం నయం. వీళ్ళెవరూ ఇంట్లో చెప్పి వచ్చినవాళ్ళు కారమ్మా. ఒకావిడ కూరలకని వస్తుంది, ఒకావిడ పిల్లాడి స్కూలు పనని వస్తుంది. జుట్టు తడితో ఇంటికెళ్తే అడుగుతారని లోపల ఫ్యాను కింద ఆరేదాకా కూర్చుంటారు. పాదాలు కూడా తుడుచుకుని మరీ వెళ్తారు."

"నాకైనా చెప్పొచ్చు కదా."

"చెప్తే మీరు లెక్క రాస్తారు. లెక్క రాస్తే పేర్లు అడుగుతారు. పేర్లు అడిగితే వీళ్ళు రారు. అప్పుడు నిజంగానే ఖాళీ. ఇక్కడ ఎవరి పేరు ఎవరూ అడగరమ్మా, ఏ ఇంటివాళ్ళని కూడా అడగరు. వచ్చినవాళ్ళకి మేమే ఏదో పేరు పెట్టుకుంటాం."

ఆమె బట్టల గది తలుపు తట్టి, "నేను కూడా ఆడదాన్నే," అంది. ఎందుకలా అందో ఆమెకే తెలీదు. తలుపు కాసేపటికి తెరుచుకుంది.

లోపల అడుగుపెట్టగానే అత్తగారు వచ్చి నిలబడింది. ఈసారి గొంతు కాదు, వాసన. కొలను మందు వాసన, తడి వెంట్రుకలు, ఏదో చవక సబ్బు, మూడూ కలిసిన అత్తగారి తల వాసన. ఆ వాసన ఇంట్లో వచ్చినప్పుడల్లా అత్తగారు ముక్కు మూసుకుని, "ఆ మందునీళ్ళ కంపు ఇంటికి మోసుకొస్తావేం? ముందు స్నానం చెయ్యి," అని కసిరేది. ఆమె నమ్మేది. ఏళ్ళ తరబడి వంటింట్లోకి అడుగుపెట్టే ముందు మోచేతులదాకా రుద్దుకుని కడుక్కునేది, మోకాళ్ళ మీద కూర్చుని ఆ బట్టలు విడిగా ఉతుక్కునేది. కొలనులో ఒక్కసారి కూడా దిగని మనిషికి ఆ కంపు ఎలా అంటుతుందని ఒక్కరోజూ అనుకోలేదు.

గోడకి వరసగా కొక్కేలున్నాయి. చివరి కొక్కేనికి ఒక ఊదారంగు గౌను వేలాడుతోంది, మడతల్లో దుమ్ముతో. ఆమె దగ్గరికెళ్ళి అంచు తిప్పి చూసింది. ఊదారంగు దారం అయిపోతే ఆకుపచ్చ దారంతో కుట్టిన అంచు. పెళ్ళికి ముందు ఆమె తన చేత్తో కుట్టుకున్నది. ఆ గౌను కనబడక ఇల్లంతా వెతికితే, "పాతబడింది, పారేశాను, అంత ఏడుపేమిటి గుడ్డముక్కకి?" అంది అత్తగారు. ఆ గుడ్డముక్కని మోకాళ్ళదాకా కత్తిరించి, చంకలు వదులు చేసి, భుజాల దగ్గర బిగించి కుట్టారెవరో.

"ఎవరిదిది?" అంది.

"మునకమ్మదమ్మా," అంది నీళ్ళక్క. "నేను చేరకముందు నుంచీ వచ్చేదట. ఈత రాదు. మునిగేది అంతే. ఊపిరి బిగబట్టి అడుగున కూర్చునేది. ఒక్కోసారి నాకు గుండె ఆగినంత పనయ్యేది, ఒకటి రెండుసార్లు దూకి పైకి లాగాను కూడా. తిట్టింది నన్ను. ఎందుకమ్మా అంతసేపు అంటే ఏమందో తెలుసా? నీళ్ళ కింద అయితే ఎవరూ పిలవరే అంది."

పాలప్యాకెట్ల ఆవిడ నవ్వుతూ అందుకుంది. "భలే మనిషమ్మా. నోరు మాత్రం కత్తి. నాకు తేలడం ఆవిడే నేర్పింది, తనకి రాకపోయినా. భయపడకు, నీ బరువు నువ్వు మొయ్యక్కర్లేని చోటు ఇదొక్కటే అనేది."

"చాన్నాళ్ళయింది రాక," అంది నీళ్ళక్క. "ఒంట్లో బాగాలేదేమో, కొడుకు దగ్గరికి వేరే ఊరు వెళ్ళిందేమో. వస్తుందని గౌను అలాగే ఉంచాను."

ఆమె గౌను అంచు వదల్లేదు. ఆవిడ ఇక రాదని చెప్పాలి. చెప్తే మీకెలా తెలుసని అడుగుతారు. "ఇక రారేమో అక్కా," అంది చివరికి. జుట్టు ఆరబెట్టుకుంటున్న వాళ్ళందరూ ఆమె మొహంలోకి చూశారు.

"మీకు తెలుసా అమ్మా ఆవిడ?" అంది నీళ్ళక్క నెమ్మదిగా.

ఒక కప్పు కింద అన్నేళ్ళు. ఆవిడ మాత్రలు వేసుకునే వేళలు, ఆవిడ దగ్గులో తేడాలు, తలుపు వేసే తీరుని బట్టి ఆవిడ కోపం ఎంతో, అన్నీ తెలుసు. ఆవిడ నవ్వు ఎలా ఉంటుందో ఇప్పుడు గుర్తు చేసుకుందామంటే రాలేదు.

"లేదక్కా," అంది. "నాకు తెలీదు."

ఆ సాయంత్రమంతా తనది కోపమో దుఃఖమో తేల్చుకోలేకపోయింది. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు నాదే కంపన్నావు, ఎంత గడుసుదానివి అత్తయ్యా అని గోడతో అంది. నన్ను ఇంటికి పరిగెత్తించావు. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు, ముసలాయన దగ్గర మనిషీ ఉండాలి, సెంటర్లో నేనూ ఉండకూడదు. నీ గంట నా పరుగులోంచి కోసుకున్నావు. నా మధ్యాహ్నాలు, నా అన్నం, నా గౌను. ఒక్కమాట నాతో అని ఉంటే? నేనివ్వనా? అని అడిగింది. వెంటనే ఆమెకే సమాధానం తట్టింది, ఈసారి బస్సు వెళ్ళకముందే. ఇచ్చేదాన్ని కాదు. ముసలితనంలో ఈతలేమిటి అని నవ్వేదాన్ని, రాత్రికి మా ఆయనతో చెప్పేదాన్ని, ఆయన భోజనాల దగ్గర హాస్యమాడేవాడు. ఆవిడ జన్మలో మళ్ళీ నీళ్ళలో దిగేది కాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి సరిపడా ఒక్క గంట కూడా లేదు. ఉన్న ఒక్కటీ పెద్దావిడ లాక్కుంది. లాక్కోకపోతే అది ఇద్దరికీ దక్కేది కాదు, ఏ చపాతీల పిండిలోనో కలిసిపోయేది. ఇది తెలిశాక తిట్టడానికి నోరు రాలేదు, క్షమించడానికి మనసు రాలేదు. వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది. అత్తగారు పోయినప్పుడు ఆమె ఏడవలేదని ఆడబడుచు ఇప్పటికీ చెప్పుకుంటుంది.

శుక్రవారం కమిటీ ముందు ఆమె నిలబడింది. ప్రెసిడెంటుగారు కళ్ళజోడు తుడుచుకుని, "ఏమ్మా మేనేజరమ్మా, ఆ మధ్యాహ్నపు గంటేగా?" అన్నారు. మిగతావాళ్ళు అప్పుడే లేవడానికి కుర్చీలు వెనక్కి జరుపుతున్నారు.

"కాదండీ. పైన బిలియర్డ్స్ గది."

కుర్చీలు ఆగాయి. ఆ గది సభ్యులంతా ఆ బల్ల చుట్టూనే ఉన్నారు.

"ఆ గది నిండుగా ఉంటుందని కదా లెక్క?" అన్నారొకరు.

"తలుపు మీద పేర్లు నిండుగా ఉన్నాయండీ. బల్ల మీద బట్ట ఎలక కొరికి పండగ చేసుకుంది. మీలో ఎవరికైనా ఆ సంగతి తెలుసా? అక్కడ పొద్దస్తమానం ఒక మనిషి ఊరికే కూర్చుంటున్నాడు. అతన్ని సాయంత్రం కౌంటర్‌కి దింపుతాను. కొత్తవాళ్ళు అక్కర్లేదు, ఎవరి ఉద్యోగమూ పోదు. మధ్యాహ్నపు గంటకి ఆడవాళ్ళు వస్తున్నారు. నేను చూశాను."

"తువ్వాళ్ళు తడవట్లేదే?"

"తువ్వాళ్ళు తడవట్లేదండీ. మనుషులు తడుస్తున్నారు. నా మాట చాలకపోతే నన్ను మేనేజరుగా పెట్టుకోవడం ఎందుకు?"

ప్రెసిడెంటుగారు చెడ్డవాడు కాదు. ఎలక సంగతికి నవ్వారు, పైగదికి సరే అన్నారు. తర్వాత ఆమెవైపు ఆప్యాయంగా వంగి, "గంట ఉంచుదాం. ఆ గార్డుని మాత్రం తీసేద్దాం. ఆ కాసేపు మీరే కూర్చోండమ్మా. ఇప్పుడు మీకు మధ్యాహ్నం ఇంటికెళ్ళే పని కూడా లేదట కదా, మీవారు చెప్పారు," అన్నారు. అందరికీ నచ్చింది. తలలూపారు. సమస్య ఎప్పుడూ ఇలాగే పరిష్కారమవుతుంది, ఎవరో ఒక ఆడమనిషి దగ్గర కాస్త ఖాళీ కనబడుతుంది, అందులో పెట్టేస్తారు. ఆమె నోరు కూడా అలవాటుగా సరేనండీ అనడానికి తెరుచుకుంది. ఆ మాట నాలిక మీద ఉండగానే చెవుల్లో నీళ్ళ హోరు నిండింది. ఆ హోరు అడుగున ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, ఎవరెంత పిలిచినా పైకి రావడం లేదు. ఆ మనిషి అత్తగారో తనో ఆమెకి తెలియలేదు.

"వీలుపడదండీ," అంది. "నాకు నీళ్ళలోంచి మనిషిని లాగడం రాదు. ఆ పని వచ్చినావిడ ఉంది, ఆవిడ ఉంటుంది. పైగా ఆ గంటలో నాకు పనుంది."

"ఏం పని?"

"నా పనండీ."

ప్రెసిడెంటుగారు కళ్ళజోడు సర్దుకుని, గార్డు ఉంటుందనే మీటింగు పుస్తకంలో రాయించారు.

ఆ సాయంత్రం భర్త గుమ్మంలోనే మొదలుపెట్టాడు. ప్రెసిడెంటుగారు ఫోను చేశారట. డైరెక్టరు ముందు తలకొట్టేసినట్టయిందట. "మొగుడి మాట కంటే ఎక్కువా నీకు ఆ ఖాళీ నీళ్ళు?" అన్నాడు. ఆమె మంచినీళ్ళిచ్చింది. తాగాడు. గ్లాసు పెట్టిన చోటు వైపు ఆమె చూడలేదు.

"ఇంతకీ ఎవరొస్తారు అక్కడికి? అంత గొప్పవాళ్ళెవరు?"

జవాబు నాలిక చివర ఉంది. ఒక్క మాట చాలు. ఆ మాటతో ఆయన కూలబడిపోతాడు, ఈ జన్మకి ఆమెదే పైచెయ్యి. ఆయన నుదురు అచ్చం వాళ్ళమ్మదే, చిరాకు పడితే అదే చోట ముడిపడుతుంది. ఆవిడ ఆ గంటని కోడలి దగ్గర దాచిందనే ఇన్నాళ్ళూ అనుకుంది గానీ, ఆవిడ ముందుగా దాచింది కొడుకు దగ్గర. కడుపున పుట్టినవాడికి కూడా ఇవ్వనిది, దెబ్బలాటలో గెలవడానికి తను తీసి విసరడమేమిటి? ఆ మాటని ఆమె మింగేసింది. జీవితంలో ఎన్నో మాటలు మింగింది, భయంతో, అలసటతో, పోనీలెమ్మని. తనకి తానుగా మింగినది ఇదొక్కటే.

"అక్కడికి వచ్చేవాళ్ళ సంగతి బయటివాళ్ళకి చెప్పమండీ," అంది.

"బయటివాళ్ళా?" అతను నవ్వాడు, తర్వాత ఆ నవ్వు ఆపాడు. "నేను నీ మొగుణ్ణి. నేను కూడా బయటివాణ్ణేనా?"

"ఆ గంటకి మీరు ఎప్పుడూ బయటివారేనండీ."